వజ్రాల వేట సరే.. కత్తికి పదునిచ్చే ఈ రాయి సంగతి తెలుసా? అనంత నేలలో 'కురువిందం' కథ ఇదీ!

తొలకరి పడిందంటే చాలు.. వజ్రకరూరు చుట్టుపక్కల పొలాల్లో జనమే జనం. ఒక్క మెరుపు కనిపించకపోతుందా అని తలలు వంచుకుని అడుగులో అడుగేసుకుంటూ వెతుకుతుంటారు. ఆ వీడియోలు ఏటా మన ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. కానీ ఉమ్మడి అనంతపురం నేలలో మెరవని రాయి ఇంకొకటి ఉంది. బూడిద రంగులోనో, గోధుమ రంగులోనో ఉంటుంది. కాలికి తగిలినా ఎవరూ వంగి తీయరు. అయితే సహజంగా దొరికే ఖనిజాల గట్టిదనంలో వజ్రం తర్వాత చెప్పుకునేది దీన్నే. పేరు కురువిందం. కత్తులకు సానబట్టడానికి, రత్నాలు అరగదీయడానికి మనవాళ్లు తరతరాలుగా వాడిన రాయి ఇది.

ఇప్పుడు దీని గురించి ఎందుకంటారా? పాతకాలం మడత కత్తితో, అదే స్ట్రెయిట్ రేజర్‌తో గడ్డం గీసుకునే సరదా మళ్లీ మొదలైంది. దాంతోపాటే సహజ సానరాళ్లను వెతికి పట్టి దాచుకునేవాళ్లూ పెరిగారు. రాయి ఎంత గట్టిదైతే కత్తికి అంత పదును వస్తుందని చాలామంది అనుకుంటారు. గడ్డం కత్తి విషయంలో అది అస్సలు నిజం కాదు. ఎందుకో చూద్దాం.

పేరు మన దగ్గర నుంచే వెళ్లింది

కురువిందం అంటే అల్యూమినియం ఆక్సైడ్. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద వజ్రానికి 10, దీనికి 9, పలుగురాయికి 7. కెంపు, నీలం కూడా ఇదే జాతి. రంగు, పారదర్శకత ఉంటే రత్నం.. లేకపోతే సానరాయి, అంతే తేడా! దేశంలో ఇది దొరికే ప్రాంతాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి అనంతపురం, తెలంగాణ నుంచి ఖమ్మం పేర్లు ఉన్నాయి.

ఇంగ్లిష్‌లో కొరండమ్ అంటున్నారు కదా.. ఆ మాట దక్షిణాది నుంచి వెళ్లిందే. తమిళంలో కురుందం, తెలుగులో కురువిందం. ఇండియా నుంచి తెప్పించుకున్న ఈ రాళ్ల మీద 1798లో చార్లెస్ గ్రెవిల్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసమే రాశారు.

గుర్తుపట్టడం మరీ కష్టమేం కాదు. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువు ఉంటుంది. పలుగురాయి సాంద్రత 2.65 అయితే దీనిది 4 దాకా. ముక్క సరిగ్గా ఉంటే ఆరు పలకలుగా, మధ్యలో ఉబ్బి, పీపా ఆకారంలో కనిపిస్తుంది. దాంతో పలుగురాయి మీద గీస్తే గీత పడాలి. పడలేదంటే అది వేరే రాయి.

అయితే ముక్కను ముక్కగా సానకు వాడేవాళ్లు కాదు. దంచి, జల్లెడ పట్టి, ఆ పొడిని కరిగించిన లక్కలో కలిపి చక్రంలా పోసేవాళ్లు. సానచక్రం అంటే అదే. చక్రం తిరుగుతుంటే కత్తి ఆనిస్తారు. పైపొర అరిగేకొద్దీ లోపలి నుంచి కొత్త రేణువులు బయటికొస్తాయి. ఇప్పుడు పేపర్లలో 'సానదేలిన ఆటగాడు' అని రాస్తుంటారు చూడండి, ఆ మాటకు మూలం ఈ సాన పనే.

మరి ఈ రాయి ఎందుకు మరుగున పడింది? 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ అనే ఆయన కరెంటు కొలిమిలో కొత్త పదార్థం ఒకటి తయారు చేశారు. అది కార్బన్, కొరండమ్ కలిసిన పదార్థమని పొరబడి 'కార్బొరండమ్' అని పేరు పెట్టారు. నిజానికి అది సిలికాన్ కార్బైడ్. అంటే కురువిందం మార్కెట్‌ను దెబ్బతీసిన సరుకు పేరులో కూడా కురువిందమే ఉందన్నమాట! 1954లో చెన్నైలో కార్బొరండమ్ యూనివర్సల్ కంపెనీ వచ్చింది. ఆ తర్వాత ఏ ఊరి హార్డ్‌వేర్ షాపులో అడిగినా తయారు చేసిన సానరాళ్లే.

మరి గడ్డం కత్తికి ఏ రాయి?

కొడవలికి కాస్త గరుకు అంచు ఉన్నా పర్లేదు, నిజానికి ఉంటేనే మంచిది. గడ్డి పట్టి కోస్తుంది. గడ్డం కత్తి అలా కాదు. దాని అంచు మందం మైక్రాన్ కన్నా తక్కువ ఉండాలి. ముతక రేణువు గీసిన గీతలు అంచు మీద రంపపు పళ్లలా మిగిలిపోతాయి. వెంట్రుకతో పాటు చర్మమూ లేస్తుంది. కాబట్టి ఇక్కడ రాయి గట్టిదనం కన్నా రేణువు సన్నదనం ముఖ్యం. కురువిందాన్ని దీనికి వాడాలంటే పొడిని నీళ్లలో కలిపి పేరనివ్వాలి. ముతక ముందు అడుక్కి చేరుతుంది. పైనున్న బురద నీళ్లను ఇంకో గిన్నెలోకి వంపి మళ్లీ పేరనిస్తే సన్న పొడి దొరుకుతుంది. దాన్ని చదునైన బండ మీద వాడాలి. ఓపిక ఉన్నవాళ్ల పని!

ప్రపంచంలో పేరున్న రేజర్ రాళ్లన్నీ సన్న రేణువుల రాళ్లే. బెల్జియంలో వీల్సామ్ దగ్గర దొరికే లేత పసుపు కోటిక్యూల్‌లో 5 నుంచి 20 మైక్రాన్ల గార్నెట్ రేణువులు ఉంటాయి. ఆ రాయికి పక్కనే సామ్‌షాటోలో మ్యూజియం కూడా ఉంది. అమెరికాలోని ఆర్కన్సా రాయి దాదాపు పూర్తిగా సిలికా. దాని అసలు పేరు నోవాక్యులైట్, లాటిన్‌లో నోవాక్యులా అంటే గడ్డం కత్తే. జపాన్‌లో క్యోటో కొండల రాయి, జర్మనీలో తురింజియా పలకరాయి కూడా ఇదే వరసలోవి. పాత గనులు చాలావరకు మూతపడటంతో మంచి ముక్కలకు కలెక్టర్లు ఎంతైనా పెడుతున్నారు.

మన దగ్గర పోలిక చెప్పాలంటే తాడిపత్రి బండ గుర్తొస్తుంది. కానీ అది సున్నపురాయి. అందులోని కాల్సైట్ గట్టిదనం 3 మాత్రమే, ఉక్కును కోయలేదు. చదునుగా ఉంటుంది కాబట్టి పైన చెప్పిన పొడికి ఆధారంగా పనికొస్తుంది. తురింజియా రాయికి చుట్టం కావాలంటే ప్రకాశం వైపు వెళ్లాలి. బడి పలకలకు పేరుపడ్డ మార్కాపురం రాయి ఆ జాతిదే. అలాగని ప్రతి పలకా సానరాయి కాదు. ఇసుక రేణువు ఒక్కటి అడ్డొచ్చినా కత్తి అంచు చిట్లుతుంది. ముందు పాత చాకుతో నాలుగుసార్లు రుద్ది, కొత్త గీతలు పడుతున్నాయేమో వెలుతురులో చూసుకున్నాకే రేజర్ పెట్టాలి.

వాడేది ఇలా..

మొద్దుబారిన కత్తిని నేరుగా సహజరాయి మీద పెట్టొద్దు. షాపుల్లో దొరికే 1,000 నంబర్ రాయితో మొదలుపెట్టి, 4,000 లేదా 5,000 దాకా వెళ్లి, చివరి మెరుగుకు మాత్రం సహజరాయిని వాడితే చాలు. రాయిని తడపండి. కత్తి వీపు, అంచు రెండూ ఒకేసారి రాయికి ఆనాలి. బలం వద్దు, కత్తి బరువే సరిపోతుంది. రాయి మీది నుంచి పల్చటి పొర కోస్తున్నట్టు అంచును ముందు పెట్టి తోయాలి. చివర్లో వీపు మీదుగా తిప్పాలి. అంచు మీదుగా తిప్పారో, అప్పటిదాకా పడ్డ కష్టమంతా వృథా. ఆఖరున తోలు పట్టీ మీద ఉల్టా.. వీపు ముందు, అంచు వెనక. ఒక్కటి మర్చిపోవద్దు. ఈ కత్తి ఒక మనిషికే. ఇంకొకరికి వాడితే రక్తం ద్వారా హెచ్ఐవీ, హెపటైటిస్ సోకే ప్రమాదం ఉంది. సెలూన్లలో సగం బ్లేడు పెట్టి, ఒక్కసారికే పారేసే పద్ధతి వచ్చింది అందుకే.

రాయిని కోసినా, చదును చేసినా తడిపే చేయాలి. పలకరాయి, పలుగురాయి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలక బలపాల కార్మికులను ఈ జబ్బు తీవ్రంగా పీడించింది. ఇక తవ్వకం సంగతంటారా, 2015 ఫిబ్రవరిలో కేంద్రం మైనర్ మినరల్స్‌లో చేర్చిన 31 ఖనిజాల్లో కొరండమ్, స్లేట్, షేల్ ఉన్నాయి. రూల్స్ పెట్టేది రాష్ట్రమే. పర్మిషన్ లేకుండా తవ్వితే 1957 నాటి గనుల చట్టం కింద కేసే. పొలంలో ఏరాలన్నా ముందు రైతును అడగాలి.

అన్నింటికన్నా సులువుగా దొరికే రాయి బహుశా పాత ఇళ్లలోనే ఉంది. నాయీ బ్రాహ్మణ కుటుంబాల్లో తాతల నాటి పొది అటక మీద ఉంటే ఒకసారి దించి చూడండి. మధ్యలో గుంటపడి, నున్నగా, అరచేతంత రాయి ఉంటే అరిగిపోయిందని పారేయొద్దు. గ్రైండర్ పెట్టి చదును చేయొద్దు. సబ్బు నీళ్లతో కడిగితే చాలు. దాన్ని వాడిన పెద్దాయన ఇంట్లో ఉంటే నీళ్లతో వాడారా, నూనెతో వాడారా అని అడిగి తెలుసుకోండి. నూనె ఇంకిన రాయి నీళ్లతో సరిగా పనిచేయదు.