బట్టతల, హృద్రోగం: ఒక వైద్య ప్రశ్న చరిత్ర

పురుషుల బట్టతలకూ హృద్రోగానికీ సంబంధం ఉందా అన్న ప్రశ్నకు తొలి పరిశోధనలు పరస్పర విరుద్ధమైన సమాధానాలు ఇచ్చాయి. బట్టతలను ఒకే లక్షణంగా లెక్కించడం ఇందుకు ఒక ముఖ్య కారణం. జుట్టు తలలో ఏ భాగాన రాలిందో విడిగా నమోదు చేసిన తర్వాతే ఆ సంబంధం కొంత స్పష్టమైందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

వృషణాలు తొలగించినవారికి బట్టతల రాదని హిపోక్రటీస్ పేరిట ఉన్న సూత్రగ్రంథం చెబుతుంది. 1942లో జేమ్స్ హామిల్టన్ ఈ పరిశీలనకు శాస్త్రీయ ఆధారం చూపాడు. యుక్తవయసుకు ముందే వృషణాలు కోల్పోయినవారికి బట్టతల రాలేదు. వారిలో వంశపారంపర్య లక్షణం గలవారికి పురుష హార్మోను ఇచ్చినప్పుడు జుట్టు రాలింది. 1951లో ఆయనే బట్టతల దశలను వర్గీకరించగా, 1975లో నార్వుడ్ ఆ వర్గీకరణను సవరించాడు. పరిశోధకులకు ఒక ఉమ్మడి కొలమానం ఆ విధంగా ఏర్పడింది.

1993లో లెస్కో బృందం అమెరికాలో 55 ఏళ్లలోపు పురుషులను పరిశీలించింది. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన 665 మందిని, ఇతర వ్యాధులతో చేరిన 772 మందితో పోల్చింది. నుదుటి భాగపు బట్టతలకు గుండెపోటుతో సంబంధం కనిపించలేదు. నడినెత్తి బట్టతల తీవ్రంగా ఉన్నవారిలో మాత్రం, జుట్టు రాలనివారితో పోలిస్తే, ముప్పు 3.4 రెట్లుగా తేలింది. 2000లో వెలువడిన అమెరికన్ వైద్యుల అధ్యయనంలో ఇదే ధోరణి కనిపించినా, ఆ ముప్పు 1.36 రెట్లకే పరిమితమైంది. 2013లో జపాన్ పరిశోధకులు ఆరు అధ్యయనాలను సమీకరించి దాదాపు ఇదే నిర్ధారణకు వచ్చారు.

అయితే ఏకాభిప్రాయం పూర్తిగా కుదరలేదు. 1995 నాటి ఫ్రామింగ్‌హామ్ విశ్లేషణలో బట్టతల విస్తృతికి హృద్రోగంతో సంబంధం కనిపించలేదు. అది వేగంగా పెరిగినవారిలోనే ముప్పు అధికమైంది. వైద్యుల అధ్యయనం కూడా 45 ఏళ్ల వయసులో తమ జుట్టు ఎలా ఉండేదో పాల్గొన్నవారు గుర్తుచేసుకొని చెప్పిన సమాచారంపై ఆధారపడింది.

ఈ అధ్యయనాలు సహసంబంధాన్ని చూపాయే తప్ప కార్యకారణ సంబంధాన్ని కాదు. పురుష హార్మోన్ల ప్రభావం రెండింటికీ ఉమ్మడి మూలం కావచ్చునన్నది ఇప్పటికీ ఒక ఊహే. కాబట్టి నడినెత్తి బట్టతలను రోగంగా కాక, రక్తపోటు, కొలెస్టరాల్ పరీక్షించుకోవడానికి ఒక సూచనగా తీసుకోవడమే సమంజసం. జుట్టు తిరిగి మొలిపించే చికిత్స గుండెను కాపాడుతుందని ఈ చరిత్రలో ఎక్కడా రుజువు కాలేదు.