నీలి కాంతికి రంగులు నేర్పిన రేణువులు: క్వాంటమ్ డాట్ల చరిత్ర

నీలి ఎల్‌ఇడి కనిపెట్టగానే తెల్లని వెలుగు సమస్య తీరిపోయిందని మీరు అనుకోవచ్చు. తీరలేదు. 1996లో జపానుకు చెందిన నిచియా సంస్థ నీలి ఎల్‌ఇడిపై పసుపు ఫాస్ఫర్ పూసి తెల్లని ఎల్‌ఇడిని మార్కెట్‌లోకి తెచ్చింది. నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. కానీ ఆ వెలుగులో ఎరుపు తక్కువ. ఈ లోటు తీర్చగల పదార్థాలలో క్వాంటమ్ డాట్ ఒకటి.

క్వాంటమ్ డాట్ అంటే కొన్ని నానోమీటర్ల పరిమాణం గల అర్ధవాహక స్ఫటికం. రేణువు చిన్నదయ్యేకొద్దీ అందులోని ఎలక్ట్రానుకు చోటు ఇరుకై, అది వెలువరించే కాంతి శక్తి పెరుగుతుంది. అందుకే కాడ్మియం సెలినైడ్ రేణువు సుమారు 2 నానోమీటర్లుంటే నీలి కాంతిని, 6 నానోమీటర్లుంటే ఎర్రని కాంతిని ఇస్తుంది. పదార్థం ఒకటే, పరిమాణమే వేరు.

ఈ సత్యాన్ని ఇద్దరు విడివిడిగా కనుగొన్నారు. 1981లో సోవియట్ యూనియన్‌లో అలెక్సీ ఎకిమోవ్ రంగు గాజులోని కాపర్ క్లోరైడ్ స్ఫటికాలలో దీనిని గమనించారు. 1983లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో లూయీ బ్రూస్ ద్రావణంలోని కాడ్మియం సల్ఫైడ్ రేణువులలో గమనించారు. అది ప్రచ్ఛన్న యుద్ధ కాలం. సోవియట్ పత్రికలో అచ్చయిన ఫలితం బ్రూస్‌కు అప్పటికి తెలియదు. రేణువులన్నీ ఒకే పరిమాణంలో వచ్చే పద్ధతిని 1993లో మౌంగీ బావెండి బృందం రూపొందించింది. ఈ ముగ్గురికీ 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

2013లో సోనీ టెలివిజన్లలో ఈ రేణువులు నీలి ఎల్‌ఇడి కాంతిలో కొంత భాగాన్ని ఎరుపు, ఆకుపచ్చగా మార్చాయి. మార్పిడి ఉచితం కాదు: 450 నానోమీటర్ల నీలి ఫోటాన్ 630 నానోమీటర్ల ఎర్ర ఫోటాన్‌గా మారితే దాదాపు 29 శాతం శక్తి వేడిగా పోతుంది. వేడికి రేణువులు దెబ్బతింటాయి కనుక వాటిని ఎల్‌ఇడి చిప్‌కు కొంత దూరంగా అమర్చడం రివాజయింది.

మరో మూల్యం కాడ్మియం. జపానులోని జింజు నది లోయలో గనుల నుంచి వచ్చిన కాడ్మియం వల్ల ప్రజల ఎముకలు పెళుసుబారాయి. 1968లో ప్రభుత్వం దానిని కాలుష్య వ్యాధిగా గుర్తించింది. ఐరోపా సమాఖ్య విద్యుత్ పరికరాల పదార్థాలలో కాడ్మియంను సాధారణంగా బరువులో 0.01 శాతానికి పరిమితం చేసింది. అందువల్లనే ఇండియం ఫాస్ఫైడ్ రేణువుల వైపు పరిశ్రమ మొగ్గింది.

ఆలోచించండి: ఒక ఆవిష్కరణ విలువను అది ఇచ్చే వెలుగుతోనే కొలవాలా, దాని తయారీలోనూ పారవేతలోనూ మిగిలే విషాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలా? మీ సమాధానాన్ని పై ఉదాహరణలతో సమర్థించండి.