బోదకాలును పొరుగువాడును

కోనసీమలో బోదకాలు ఎరుగనివారెవరు? అది నీటి దోషమని పెద్దలనెడివారు. 1877లో మాన్సన్ అను వైద్యుడు దాని పురుగు దోమకడుపులో పెరుగునని చైనాలో కనిపెట్టెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము 1947లో అమెరికాలో దానికి మందు కనుగొనెను. 1955లో జాతీయ ఫైలేరియా నివారణ పథకము ఆరంభమాయెను. రాజమహేంద్రవరమున పరిశోధన, శిక్షణ కేంద్రము వెలసెను.

పురుగుపిల్లలు రాత్రివేళనే నెత్తుటిలో విరివిగా తిరుగును. కనుక సిబ్బంది రాత్రులందే తలుపుతట్టి వ్రేలినుండి ఒక్క చుక్క అడిగిరి. 2004 నుండి రోగము కానరానివారికిని ఏటేటా మాత్రలు పంచిరి. “నాకేమి జబ్బు?” అని వాటిని గూటిలో దాచినవారును కలరు. చదువరీ, ముదిరిన వాపును ఆ మాత్ర తీర్చదు. నీలో దాగిన పురుగును దోమ పొరుగింటి బిడ్డకు చేర్చకుండ ఆపును. కావున చేతికిచ్చిననాడు పొరుగువానికొరకై మ్రింగుము.