బృహద్వలయ అణువు ఆకృతి – ఉప్పల్ రోడ్డు పరిశోధన: చారిత్రక పరిశీలన

ఆధునిక రసాయన పరిశోధన చరిత్రలో తార్నాక నుండి ఉప్పల్, నాచారంల వైపు విస్తరించిన ప్రాంతానికి ప్రత్యేక స్థానం ఉంది. 1944లో హైదరాబాద్ రాజ్యంలో ఏర్పడిన కేంద్ర ప్రయోగశాలలు 1956లో సి.ఎస్.ఐ.ఆర్. పరిధిలోకి వచ్చి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా మారాయి. గుంటూరులో జన్మించిన ఎ.వి. రామారావు 1985 నుండి 1995 వరకు ఆ సంస్థ సంచాలకులు. ఆ కాలంలో అక్కడ చేపట్టిన క్లిష్ట లక్ష్యాలలో వాంకోమైసిన్ వలయాల సంశ్లేషణ ఒకటి. ఆ కృషిని అంచనా వేయాలంటే, ఆనాటికి ఆ అణువు ఆకృతికి లభించిన ఆధారాలేమిటో ముందుగా పరిశీలించాలి.

వాంకోమైసిన్ బోర్నియో మట్టిలోని సూక్ష్మజీవి నుండి లభించిన యాంటీబయాటిక్. 1958లో అమెరికాలో అనుమతి పొందింది. ఏడు అమైనో ఆమ్లాల గొలుసులోని పక్కశాఖలు ముడిపడి మూడు పెద్ద వలయాలు ఏర్పడతాయి. రెండింటిలో 16 చొప్పున, మూడవదానిలో 12 పరమాణువులు ఉంటాయి. ఈ ముడుల వల్ల అణువు దొప్పలా వంగుతుంది. బాక్టీరియా కణకవచ నిర్మాణానికి అవసరమైన పెప్టైడు కొస ఆ దొప్పలో ఐదు హైడ్రోజన్ బంధాలతో చిక్కుకుంటుంది. ఔషధగుణం ఈ ఆకృతిపైనే ఆధారపడి ఉంది.

1978లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఎక్స్‌రే వివర్తనంతో నిర్ణయించినది వాంకోమైసిన్ విఘటన ఉత్పన్నమైన సి.డి.పి.-1 స్ఫటిక నిర్మాణాన్ని. ఆ ఉత్పన్నంలో ఆస్పరాజిన్ భాగం ఐసోఆస్పార్టేట్‌గా మారిందనీ, అందువల్ల ఒక వలయం 17 పరమాణువులకు పెరిగిందనీ 1982లో హారిస్ ద్వయం నిరూపించింది. మార్పు చెందిన ప్రతిని మూలప్రతిగా స్వీకరించిన తాళపత్ర పరిష్కర్తకు ఎదురయ్యే చిక్కు వంటిదే ఇది. స్ఫటికం తనలోని అణువుకు మాత్రమే సాక్ష్యం.

సంశ్లేషణలో మరొక సమస్య ఉంది. క్లోరిన్ గల బెంజీన్ వలయం ఇరుకైన బృహద్వలయంలో సులభంగా తిరగలేదు. క్లోరిన్ తప్పు వైపున నిలిస్తే పరమాణువుల అనుసంధానం ఒకటే అయినా ఆకృతి వేరవుతుంది. రామారావు బృందం ఈ వలయాల నిర్మాణ మార్గాలను అన్వేషించి, 1995లో కెమికల్ రివ్యూస్ పత్రికలో ఈ రంగాన్ని సమీక్షించింది. వాంకోమైసిన్ సొంత స్ఫటిక నిర్మాణం 1996లో వెలువడింది. చక్కెరలు లేని దాని ప్రధాన భాగపు సంపూర్ణ సంశ్లేషణను 1998లో ఇవాన్స్, నికొలావు బృందాలు ప్రకటించాయి. పదవీ విరమణానంతరం రామారావు నాచారంలో అవ్రా ప్రయోగశాలను నెలకొల్పారు.

సంపూర్ణ సంశ్లేషణను మాత్రమే కొలమానంగా తీసుకుంటే ఉప్పల్ రోడ్డు కృషి చరిత్రలో అంచుకు చేరుతుంది. కానీ అసలు అణువు స్ఫటిక నిర్మాణం వెలువడకముందే, సవరించిన నమూనా ఆధారంగా ఆ బృందం వలయాలను కట్టబూనింది. విజ్ఞానశాస్త్ర చరిత్రకారులు ఫలితంతో పాటు ఆనాటి ఆధారాల పరిమితినీ లెక్కలోకి తీసుకోవాలి.