ఆరు తూటాల తుపాకీ ఎవరి చేతిలో?

‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971లో వచ్చింది. ఆ తరవాత పుట్టినవాళ్లం కూడా ఆ సినిమాని మళ్లీ మళ్లీ ఆడించిన హాళ్లలో చూసి, టోపీ, గుర్రం, ఎడారి, నడుముకి వేలాడే తుపాకీ అన్నీ కలిస్తే అమెరికా అనుకున్నాం. ఇప్పుడు నేను టెక్సాస్‌లో, డల్లాస్‌కి ఉత్తరాన ఒక ఊళ్లో ఉంటున్నాను. ఆ బాణీ రివాల్వర్ ఒకటి కొత్తది కొన్నాను. సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా సొంతూళ్లో బంధువులు అడిగేది ఒకటే: “అక్కడ కూరగాయల్లా అమ్ముతారటగా, నిజమేనా?” ఈ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు లేదు. ఆ తుపాకీ ఎక్కడ పుట్టింది, ఎవరికి దక్కింది, ఎవరికి దక్కకుండా చేశారు అన్నది చెబితే తప్ప ఈ దేశం అర్థం కాదు.

నేను కొన్నది రూగర్ కంపెనీవారి న్యూ వకేరో. తూటా .45 కోల్ట్, గొట్టం ఐదున్నర అంగుళాలు, బరువు కిలో పైచిలుకు. 1873లో కోల్ట్ కంపెనీ అమెరికా సైన్యానికి చేసి ఇచ్చిన ‘సింగిల్ యాక్షన్ ఆర్మీ’ రూపురేఖలే దీనివి. ట్రిగ్గర్ నొక్కినంత మాత్రాన ఇది పేలదు. ప్రతి తూటాకీ ముందు బొటనవేలితో హ్యామర్‌ని వెనక్కి లాగాలి. అప్పుడు సిలిండర్ తిరిగి కొత్త తూటా గొట్టానికి ఎదురుగా వచ్చి నిలుస్తుంది. ట్రిగ్గర్‌కి మిగిలేది హ్యామర్‌ని వదిలిపెట్టే ఒక్క పనే. పాత కోల్ట్‌లో హ్యామర్ మొన తూటా మీదే ఆని ఉండేది. కింద పడితే పేలే ప్రమాదం ఉంది కాబట్టి తెలిసినవాళ్లు ఆరు గదుల్లో ఐదే నింపి, ఒకటి ఖాళీగా ఉంచుకునేవారు. రూగర్ వాళ్లు 1973లో మధ్యలో ఒక ఉక్కు పలక పెట్టి ఆ ప్రమాదాన్ని తప్పించారు. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితేనే ఆ పలక పైకి లేచి దెబ్బని అందిస్తుంది.

దుకాణంలో డబ్బు కట్టేముందు 4473 అనే ఫారం నింపాలి. పుట్టిన దేశం, పౌరసత్వం, జాతి రాయాలి. పెద్ద నేరంలో శిక్ష పడిందా, ఇంట్లోవాళ్లని కొట్టిన కేసుందా, మత్తుమందులు వాడతారా, పరారీలో ఉన్నారా అని వరసగా ప్రశ్నలు. తెలిసి అబద్ధం రాస్తే అదే ఒక నేరం. మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ హత్యలు జరిగిన 1968లోనే వచ్చిన చట్టం దీనికి మూలం. తరవాత దుకాణదారు ఎఫ్‌బీఐ తనిఖీకి పంపుతాడు. అధ్యక్షుడు రీగన్ మీద 1981లో జరిగిన కాల్పుల్లో తలకి గాయమైన ఆయన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రాడీ పేరుతో 1993లో చట్టం వచ్చింది, 1998 చివర్లో ఈ తనిఖీ మొదలైంది. అయితే టెక్సాస్‌లో ఒక మామూలు మనిషి తన తుపాకీని ఇంకో మామూలు మనిషికి అమ్మితే ఈ ఫారం అక్కర్లేదు, ఈ తనిఖీ లేదు. మా బంధువుల ప్రశ్నలో నిజం ఉన్నది అక్కడే.

జాతి అన్న గడి దగ్గర నా పెన్ను కాసేపు ఆగింది. ఈ దేశంలో తుపాకీ చరిత్ర మొత్తం ఆ గడి చుట్టూ తిరిగిందే.

శామ్యూల్ కోల్ట్ కనెక్టికట్‌వాడు. 1836లో రివాల్వర్‌కి పేటెంట్ తీసుకుని న్యూజెర్సీలోని పాటర్సన్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. అది 1842లో మూతపడింది. మళ్లీ ప్రాణం పోసింది టెక్సాస్. ఇక్కడి మైదానాలు కమాంచీ అనే ఆదివాసులవి. గుర్రపుస్వారీలో వాళ్లకి సాటి లేదు. తెల్లవాడు ఒక్కసారి పేల్చిన రైఫిల్‌ని మళ్లీ నింపుకునేలోపు కమాంచీ వరసపెట్టి బాణాలు వేసేవాడు. 1844లో వాకర్స్ క్రీక్ దగ్గర జాక్ హేస్ వెంట ఉన్న సరిహద్దు దళం టెక్సాస్ రేంజర్లు పట్టుమని ఇరవై మంది లేరు, కానీ వాళ్ల చేతుల్లో పాటర్సన్ రివాల్వర్లున్నాయి. తమకన్నా ఎన్నో రెట్లున్న కమాంచీలని తరిమారు. అందులో గాయపడ్డ శామ్యూల్ వాకరే తరవాత మెక్సికో యుద్ధం వేళ కోల్ట్‌ని కలిసి, ఆరు తూటాల పెద్ద రివాల్వర్ కావాలన్నాడు. ప్రభుత్వం వెయ్యి కొంది. 1847లో తయారైన ఆ వాకర్ కోల్ట్ రెండు కిలోల బరువు. దాని సిలిండర్ చుట్టూ రేంజర్లు కమాంచీలని తరుముతున్న దృశ్యం చెక్కారు. ఈ తుపాకీ ఎవరి నేల పోగొట్టడానికి పనికొచ్చిందో దాని ఒంటి మీదే బొమ్మ గీసి ఉంది. వేకోలోని టెక్సాస్ రేంజర్ మ్యూజియంలో ఈ తుపాకులు చూసేవాళ్లు ఆ సిలిండర్ దగ్గర కాసేపు నిలబడాలని నా కోరిక.

ఇక నా రివాల్వర్ సంగతి. ఊళ్లో ఉన్న ఇండోర్ రేంజ్‌కి తీసుకెళ్లాను. కళ్లద్దాలు, చెవులకి మఫ్‌లు, గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే. పక్కనున్న చిన్న తలుపు తెరిస్తే సిలిండర్ చేతికి తిరుగుతుంది. ఒక్కో గదిలో ఒక్కో తూటా జారవిడవాలి. ఒక్కో గుండు సుమారు 16 గ్రాముల సీసం, చిటికెనవేలి కొసంత లావు. హ్యామర్ లాగితే లోపల ఉక్కు కదలడం అరచేతికి తెలుస్తుంది. ట్రిగ్గర్ కొద్దిగా నొక్కితే చాలు. దెబ్బ చేతిని గుద్దినట్టుండదు. పిడి వంపు వల్ల తుపాకీ అరచేతిలోనే పైకి దొర్లుతుంది, బొటనవేలు దానంతటదే మళ్లీ హ్యామర్ మీదికి చేరుతుంది. నూటయాభై ఏళ్ల కిందటి వంపు ఇంకా మారలేదంటే కారణం ఇదే. ఏడు గజాల దూరంలో తూటాలన్నీ గురి పెట్టినచోటికి కొంచెం కిందగా, ఒకే చోట గుమిగూడి పడ్డాయి. తిన్నగా పనిచేసే, నిజాయితీ గల యంత్రం ఇది. నాకు బాగా నచ్చింది.

ఆరూ అయ్యాక అసలు కష్టం తెలుస్తుంది. మళ్లీ తలుపు తెరవాలి. గొట్టం కింద ఉన్న కడ్డీతో ఖాళీ తొడుగుల్ని ఒక్కొక్కటిగా నెట్టాలి, ఒక్కొక్కటిగా కొత్తవి నింపాలి. చల్లగా ఉన్న గదిలో, ఎవరూ తరమనప్పుడే దీనికి చాలా సేపు పడుతుంది. 1876 జూన్ 25న మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ వాగు ఒడ్డున కస్టర్ నడిపిన అమెరికా సైన్యపు ఏడో అశ్వికదళం నడుముకి ఉన్నది ఈ కోల్టే. ఒక్కో సిపాయికి రివాల్వర్ తూటాలు 24. చేతిలోది ఒక్కో తూటా పెట్టి పేల్చే కార్బైన్. ఎదుట లకోటా, షయాన్ ఆదివాసీ వీరులు, వాళ్లలో కొందరి దగ్గర వరసగా పేలే హెన్రీ, వించెస్టర్ రైఫిళ్లు. కస్టర్ వెంట ఉన్న రెండు వందల మందికి పైగా చనిపోయారు. సినిమాలకి ఇక్కడిదాకానే కావాలి. ఆ తరవాత సైన్యం చేసిన పని, ప్రభుత్వ ఏజెన్సీల్లో శాంతంగా ఉన్న లకోటాల గుర్రాలూ తుపాకులూ లాక్కోవడం. 1890 డిసెంబర్ 29న వుండెడ్ నీ దగ్గర అదే ఏడో అశ్వికదళం లకోటాల గుడారాల్లో తుపాకులు వెతుకుతుండగా కాల్పులు మొదలయ్యాయి. ఆడవాళ్లు, పిల్లలు సహా రెండు వందల మందికి పైగా చంపేశారు.

నల్లవాళ్ల కథ కూడా ఇదే కాలానిది. బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపీ రాష్ట్రం, విడుదలైన నల్లవాడు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదని చట్టం చేసింది. ఈ రివాల్వర్ పుట్టిన 1873లోనే, ఏప్రిల్ 13న, లూసియానాలోని కోల్ఫాక్స్ కోర్టు భవనాన్ని కాపాడుకుంటున్న నల్లవాళ్ల మీద తెల్లవాళ్ల మూక పడింది. లొంగిపోయినవాళ్లని కూడా చంపారు. దాడి చేసినవాళ్లకి పడిన శిక్షలని 1876లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రాజ్యాంగంలో 1791 నుంచి ఉన్న రెండో సవరణ కేంద్ర ప్రభుత్వాన్ని మాత్రమే కట్టడి చేస్తుందని, తోటి మనుషులు ఆయుధాలు లాక్కుంటే అది కాపాడదని తేల్చింది.

మనకిది కొత్త కథ కాదు. వైస్రాయ్ లిట్టన్ కాలంలో, 1878లో, ఆయుధాల చట్టం తెచ్చి భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేశారు, యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చారు. 1887లో మద్రాసు కాంగ్రెస్ మహాసభ దాన్ని మార్చమని తీర్మానం చేసింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే. కోల్ఫాక్స్ గురించి చదువుతుంటే నాకు మన్యం గుర్తొచ్చింది.

మరి ప్రతి వీధిలోనూ తుపాకీ వేలాడేసుకు తిరిగిన కౌబాయ్ ఊళ్లు? కాన్సాస్‌లోని డాడ్జ్ సిటీలో తుపాకీ పట్టుకు తిరగడం నిషేధమని వీధిలో బోర్డు ఉండేది. అరిజోనాలోని టూమ్‌స్టోన్‌లో 1881 ఏప్రిల్ నుంచి ఊళ్లోకి వచ్చినవాళ్లు తుపాకీ అప్పజెప్పాలి. ఆ అక్టోబర్ 26న జరిగిన ఓకే కొరాల్ కాల్పులకి దారితీసింది, ఊరి మార్షల్ వర్జిల్ ఎర్ప్ ఆ నిబంధనని అమలు చేయబోవడమే. అర నిమిషంలో ముప్ఫై దాకా తూటాలు, మూడు ప్రాణాలు. ఇక టెక్సాస్ 1871లోనే పిస్టల్ పట్టుకు తిరగడాన్ని చాలావరకు నిషేధించింది. లైసెన్సుతో తిరగొచ్చని చట్టం వచ్చింది 1995లో. లైసెన్సు కూడా అక్కర్లేదన్నది 2021 సెప్టెంబర్ నుంచి. ఈ విషయంలో నేనుంటున్న టెక్సాస్ పాత టెక్సాస్‌కన్నా చాలా వదులు.

కోల్ట్ కంపెనీ 1940 దరిదాపుల్లో ఈ రివాల్వర్ తయారీ ఆపేసింది. టీవీలో కౌబాయ్ కథలు వెల్లువెత్తాక, ముందు రూగర్ 1953లో ఈ బాణీ తుపాకీని మార్కెట్లోకి తెచ్చింది, 1956లో కోల్ట్ మళ్లీ మొదలుపెట్టింది. అసలు పశ్చిమం కన్నా తెర మీది పశ్చిమమే ఈ తుపాకీని మా కాలందాకా తెచ్చింది.

ఇంట్లో ఆత్మరక్షణకి పిస్టల్ ఉంచుకోవడం వ్యక్తి హక్కు అని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది 2008లో. 2010లో దాన్ని రాష్ట్రాలకీ నగరాలకీ వర్తింపజేసింది. ఆ దావాలో మొదటి పేరు షికాగోలో ఉండే ఓటిస్ మెక్‌డొనాల్డ్‌ది. వయసు మళ్లిన నల్లజాతీయుడు. కోర్టు ఆధారం చేసుకున్నది అంతర్యుద్ధం తరవాత 1868లో వచ్చిన పద్నాలుగో సవరణని. మిసిసిపీ లాంటి రాష్ట్రాలు నల్లవాళ్ల తుపాకులు లాక్కున్న చరిత్రని తీర్పులోనే రాశారు. ఆ తీర్పు మంచిదా కాదా అని ఇక్కడ ఇళ్లలో ఇప్పటికీ వాదించుకుంటారు. హక్కు అంటూ ఉంటే రంగు చూడకుండా అందరికీ ఉండాలన్న వరకు అది న్యాయమైన తీర్పని నా నమ్మకం. ఆ హక్కు వల్ల పోయే ప్రాణాలు కూడా చిన్న లెక్క కాదు. 2021లో ఈ దేశంలో తుపాకులతో 48 వేల మందికి పైగా చనిపోయారు. సగానికి పైగా ఆత్మహత్యలు. నా రివాల్వర్ ఇనప్పెట్టెలో ఉంటుంది, తూటాలు వేరే తాళం కింద.

పిల్లల్ని ఇక్కడికి పంపే తల్లిదండ్రులకి ఒక విన్నపం. స్టూడెంట్ వీసా మీదో, హెచ్-1బీ మీదో వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడు సరదాగా రేంజ్‌కి రమ్మన్నా సరే, వెళ్లేముందు లాయరుని అడగమని మీ పిల్లలకి చెప్పండి.