సెల్ఫ్: కోలన్ చాటున దాగిన పేరు
'సెల్ఫ్' ప్రోగ్రామింగ్‌లో 1970లలో, స్మాల్‌టాక్ భాషతో నిలదొక్కుకుంది. సందేశం అందుకున్న వస్తువే సెల్ఫ్. సిములా, సీ ప్లస్ ప్లస్‌లలో అదే 'దిస్'. 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో పుట్టి, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్ యాడాన్ల దాకా వెళ్లిన లువా భాష 'సెల్ఫ్'నే ఎంచుకుంది.

లువాలో ఇది కీవర్డ్ కాదు, మామూలు వేరియబుల్ పేరే. ఫంక్షన్‌ను కోలన్‌తో నిర్వచిస్తే సెల్ఫ్ అనే మొదటి పారామీటర్ రాయకుండానే చేరుతుంది. కోలన్‌తో పిలిస్తే దాని ఎడమనున్న వస్తువు ఆ స్థానంలోకి వెళ్తుంది. 'శత్రువు:గాయం(10)' అంటే 'శత్రువు.గాయం(శత్రువు, 10)' అన్నమాట. చక్కటి పొదుపు ఇది, కానీ కోలన్, చుక్క రెండూ మరీ దగ్గరి పోలికవి. కోలన్ బదులు చుక్క పడితే 10 వెళ్లి సెల్ఫ్‌లో కూర్చుంటుంది, దెబ్బ ఎంతో చెప్పే పారామీటర్‌కు నిల్ మిగులుతుంది. లోపల 'సెల్ఫ్.ప్రాణం' చదవబోగానే, సంఖ్యలో ఫీల్డ్ వెతకడం కుదరదంటూ స్క్రిప్ట్ ఆగిపోతుంది.