ఛాయాచిత్రంలో ఆకాశం

కొన్నేళ్ళ క్రితం పాపికొండల దగ్గర, గోదావరి ఒడ్డున, ఒక పల్లె రేవును ఫోటో తీశాను. మిట్టమధ్యాహ్నపు ఎండ. నీడలో ఉన్న కొండకు వెలుగు సరిపోయేలా కెమెరాను అమర్చేసరికి ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లబడిపోయింది. ఇంటికి వచ్చాక, మరో రోజు మరో ఊళ్ళో తీసిన మబ్బులను కంప్యూటరులో దాని మీద అతికించాను. చూసినవారందరూ మెచ్చుకున్నారు. పోలవరం ముంపు కారణంగా ఆ పల్లె విడిచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం చాలాసేపు చూసి, "రేవు మాదేనండీ, ఆకాశమే మాది కాదు" అన్నారు.

ఆ మాట మనసులో నాటుకుపోయింది. ఛాయాగ్రహణ చరిత్రను తిరగేస్తే, ఈ చిక్కు నా ఒక్కడిదే కాదని తెలిసింది.

1850లలో వాడిన నెగటివులు నీలికాంతిని ఇట్టే గ్రహించేవి. ఆకుపచ్చ, ఎరుపు వాటికి దాదాపు ఆనేవి కావు. చెట్టూ చేమా సరిగా పడేలోగా ఆకాశానికి వెలుగు మితిమీరేది. అచ్చులో అక్కడ మిగిలేది ఒట్టి తెల్ల కాగితమే. ఫ్రాన్సు దేశస్థుడు గుస్తావ్ లె గ్రే, ఆ దశాబ్దపు రెండో సగంలో తీసిన కొన్ని సముద్ర దృశ్యాలకు నీటికొక నెగటివు, ఆకాశానికొక నెగటివు వాడి, రెంటినీ దిగంతరేఖ దగ్గర కలిపి ఒకే చిత్రంగా అచ్చువేశాడు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో అధికారి అయిన లీనియస్ ట్రైప్, 1855లో బర్మాలో తీసిన కాగితపు నెగటివుల మీద రంగు పూసి మబ్బులు దిద్దాడు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఛాయాగ్రాహకుడైనది ఆయనే. నేను చేసిన పనికి నూట యాభై ఏళ్ళ వంశవృక్షం ఉందన్నమాట!

అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ వేరే దారి పట్టాడు. 1927లో యోసెమిటీలోని హాఫ్ డోమ్ శిలను తీస్తూ, ముందు పసుపు ఫిల్టరు వాడి, తృప్తి కలగక, మిగిలిన ఒక్క ఫలకం మీద ముదురు ఎరుపు ఫిల్టరుతో తీశాడు. నీలాకాశం దాదాపు నల్లబడి, శిల ఎదుట నిలిచింది. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ మీద చంద్రోదయాన్ని తీసేటప్పుడు కాంతిమాపకం చేతికి దొరకలేదు. చంద్రుని ప్రకాశం ఎంతో గుర్తుండబట్టి, ఎఫ్/32 దగ్గర ఒక్క సెకను ఇచ్చాడు. 1948లో ఆ నెగటివు కింది భాగాన్ని రసాయనంతో గాఢపరిచాడు. తొలి ప్రతుల ఆకాశంలో కనిపించే పలుచని మబ్బులు తర్వాతి ప్రతుల్లో నల్లదనంలో కలిసిపోయాయి. సంగీతం నేర్చినవాడు గనుక, నెగటివును స్వరలిపితోనూ ప్రింటును కచేరీతోనూ పోల్చేవాడు.

కాబట్టి దిద్దడం తప్పు కాదు. దిద్దకుండా ప్రకృతి దృశ్యం కుదిరిన కాలమూ లేదు. అయితే ఉన్న వెలుగును తగ్గించడం, హెచ్చించడం వేరు. లేనిదాన్ని తెచ్చి చేర్చడం వేరు. కళగా చూపేటప్పుడు రెండోదీ చెల్లవచ్చు. ఒక ఊరి గుర్తుగా మిగలవలసిన చిత్రంలో అది చెల్లదు.

ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్నాను. ట్రైపాడ్ మీద కెమెరా, ఐఎస్ఓ 100, రా ఫైలు. ఎపర్చరు ఎఫ్/8 నుంచి ఎఫ్/11 లోపు. 1932లో ఆడమ్స్ మిత్రబృందం పేరుగా పెట్టుకున్న ఎఫ్/64 వారి పెద్ద ఫలకాలకు చెల్లింది గాని, అంత చిన్న రంధ్రం మన చిన్న సెన్సర్ల మీద బొమ్మను మసకబారుస్తుంది. హిస్టోగ్రామ్ చూసుకుంటూ ఆకాశానికి సరిపడా వెలుగే ఇస్తాను. నీడలో దాగిన వివరాన్ని తర్వాత కొంత పైకి తీయవచ్చు. పూర్తిగా తెల్లబడిన చోట తీయడానికి ఏమీ ఉండదు.

ఆ పాత ఫైలు మళ్ళీ తెరిచాను. పోయిన ఆకాశం తిరిగి రాలేదు. కొండ నీడలను మాత్రం సవరించి, ఆకాశాన్ని తెల్లగానే వదిలి, అచ్చు వేయించి పెద్దాయనకు ఇచ్చాను. ఆయన దాన్ని కొత్త ఇంట్లో గోడకు తగిలించుకున్నారు.